మెట్లు లేని మేడ

"దిగుతవా, దిగవా?"

పొద్దుటి నుంచి నరేష్‌కుమార్ అడుగుతున్నది ఇదొక్కటే. గొంతు బొంగురుపోయింది కానీ ప్రశ్న మారలేదు.

పై అంతస్తు పిట్టగోడ మీద మోచేతులు ఆనించి వాసంతి మొగుడి వైపు చూసింది. పెళ్లైన నాటి నుంచి అతన్ని 'మీరు' అంటూ వచ్చిన మనిషి. ఇవాళ ఆ మన్ననను పక్కన పెట్టేసింది.

"ఎట్ల దిగాలె? నువ్వే చెప్పు."

దిగడానికి మెట్లు లేవు. పొద్దున్నే మంచి ముహూర్తం చూసి మరీ వాటిని కొట్టించాడు నరేష్‌కుమార్.

ఎల్లుండి నుంచి మూఢం. మూఢంలో పని మొదలుపెడితే ఇల్లు కలిసిరాదు. ముందే మొదలైన పనికి మాత్రం మూఢం అంటదు. అందుకని వాళ్ల సిద్ధాంతి ఒక ఉపాయం చెప్పాడు. ఈశాన్యంలో ఉన్న ఆ మెట్లు ఎలాగూ దోషమే కాబట్టి, ఇవాళే నాలుగు మెట్లు పగలగొట్టి పని మొదలైందనిపించుకుంటే చాలన్నాడు. నరేష్‌కుమార్ చీరల షాపు నడవకపోవడానికి కూడా ఆ మెట్లే కారణమట. మధ్యాహ్నం దాకా షట్టర్ ఎత్తకపోవడం కారణం కాదట.

కొబ్బరికాయ కొట్టాడు. పసుపు కుంకుమ చల్లాడు. మొదటి దెబ్బ తనే వేసి, సుత్తి భుజాన పెట్టుకుని ఫోటో దిగాడు. ఆ ఫోటో చుట్టాల గ్రూపులో పెట్టి, వచ్చే మెచ్చుకోళ్లు చదువుకుంటూ ఇడ్లీ తినడానికి మెట్రో స్టేషన్ దాకా పోయాడు. నాలుగు మెట్లని సిద్ధాంతి అతనికి చెప్పాడే గానీ, అతను పనివాళ్లకు చెప్పలేదు. తిరిగొచ్చేసరికి మెట్ల వరసంతా సందులో కుప్పపడి ఉంది. పైన పెళ్లాం ఉన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

గుర్తొచ్చింది కానీ సిగ్గు రాలేదు. "గంత చప్పుడైతుంటే బయటికొచ్చి చూడాలె గద?" అని తిరిగి ఆమె మీదే ఎగిరాడు.

చూడకేం, మొదటి దెబ్బకే బయటికొచ్చి చూసింది వాసంతి. ఆపమని ఒక్క మాట అనలేదు. లోపలికి పోయి మళ్లీ సూది పట్టుకుంది. నెల రోజులుగా తనను ఈ మేడ దింపాలని చూస్తున్న మనుషులు, తమ చేతులతోనే తనను దింపే దారి లేకుండా చేసుకుంటుంటే ఆమె ఎందుకు ఆపుతుంది?

చుట్టూ హాస్టళ్లు లేచిపోయాక దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ సందులో మిగిలిన పాత ఇళ్లు రెండే. ఒకటి వీళ్లది, పక్కది కోటేశ్వరమ్మగారిది. వీళ్లింట్లో కింది భాగం మామ మారయ్య కట్టాడు, పోచంపల్లిలో మగ్గం వదిలేసి పట్నం వచ్చి చీరల మూటలు భుజాన మోసిన రోజుల్లో. పై అంతస్తు మాత్రం వాసంతిది. పెళ్లిళ్ల జాకెట్లకు మగ్గం వర్క్ చేసి, ఆ సూది పని మీద వచ్చిన దానితోనే గోడలు లేపి స్లాబ్ వేయించింది. గృహప్రవేశం నాడు మారయ్య చుట్టాలందరి ముందూ "కింద నాది, పైన నా కోడలిది" అన్నాడు. కాగితం మీద ఎవరూ ఏమీ రాయలేదు. మామ మాట ఉండగా కాగితం ఎందుకని ఆమె కూడా అడగలేదు.

ఇప్పుడు బిల్డర్ గీసిన ఐదంతస్తుల బొమ్మలో నరేష్‌కుమార్‌కు ఫ్లాటు ఉంది. తమ్ముడు ప్రసన్నకుమార్‌కు ఫ్లాటు ఉంది. కార్లకు చోటుంది, జనరేటర్‌కు చోటుంది, చెప్పులు పెట్టే బీరువాకు కూడా చోటుంది. వాసంతి మగ్గం గదికి చోటు లేదు.

ఎండ ముదిరాక సందులోకి ఒకావిడ ఆయాసపడుతూ వచ్చింది. రేపు ఆమె కూతురి పెళ్లి. మూఢానికి ముందు అదే ఆఖరి ముహూర్తం. మెట్లు లేని మేడను చూసి నోరెళ్లబెట్టింది.

"మేడం! నా జాకెట్లో?"

"తయారున్నయమ్మా. జర ఆగుండ్రి."

వాసంతి ప్లాస్టిక్ బకెట్‌కు తాడు కట్టి, జాకెట్ల కవరు అందులో పెట్టి కిందికి వదిలింది. బకెట్ నరేష్‌కుమార్ ముక్కు ముందు నుంచే దిగింది. అతను పట్టుకోబోయాడు.

"దాన్ని ముట్టకు," అంది వాసంతి పైనుంచి. "నువ్వు కుట్టింది కాదు."

ఆ వచ్చినావిడ జాకెట్లను అటూ ఇటూ తిప్పి చూసుకుని మురిసిపోయింది. దుమ్ము కొట్టుకుపోయి నిలబడ్డ నరేష్‌కుమార్‌ను పనివాడనుకుని, "జర అవుతలికి జరుగన్నా, బట్టల మీద పడుతది" అంది.

ఇంటి యజమాని జరిగాడు. ఎదుటి హాస్టల్ కిటికీల్లో నవ్వులు వినిపించాయి.

పక్క డాబా మీద నుంచి కోటేశ్వరమ్మ ఉప్మా గిన్నె అందించింది. తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ముసలిదైపోయినా ఆవిడ మాట మాత్రం ఈ ఊరి నీళ్లు తాగలేదు.

"తినవే తల్లీ, పొద్దుట్నించీ ఏవన్నా తిన్నావా? పెళ్లాన్ని పైన పెట్టుకుని మెట్లు కొట్టించేవాణ్ణి ఇదే చూడ్డం నేను. మీ ఆయన చదువుకున్నాడు కదా?"

"డిగ్రీ ఉన్నది ఆంటీ."

"ఏం లాభం!" కోటేశ్వరమ్మ మూతి విరిచింది. "ఇందాక మా గేటు దగ్గరకొచ్చి, మీ డాబా మీంచి దాటి వెళ్తానండీ అంటాడు. సిగ్గన్నా ఉండక్కర్లా? తాళం పెట్టేశాను. నువ్వు మాత్రం ఎప్పుడు దిగాలనుకుంటే అప్పుడు ఇటు దాటి రా. మధ్యలో జానెడు ఖాళీయేగా."

వాసంతి గిన్నె అందుకుంది. "దిగనీకి తొవ్వ లేక కాదు ఆంటీ నేనున్నది. దిగిన్నంటే మల్ల ఎక్కనియ్యరు. సామాను బయట పడేసి పొద్దుమీకేసరికి స్లాబ్ కొడ్తరు."

"అంత పని చేస్తాడంటావా?"

"చేసేటందుకు తెలివి లేదు ఆయనకు. చెప్పేటోడు వస్తున్నడు చూడుండ్రి."

సందు మొదట్లో ప్రసన్నకుమార్ కారు ఆగింది. మెట్ల కుప్ప అడ్డం పడి అది లోపలికి రాలేకపోయింది. నడుచుకుంటూ వచ్చాడు. వెంట బిల్డర్ రవితేజ, తెల్ల బూట్లకు దుమ్మంటకుండా గంతులేస్తూ.

ప్రసన్నకుమార్‌ది బ్యాంకు ఉద్యోగం. ఎల్బీనగర్‌లో ఒక పెద్ద అపార్ట్‌మెంట్‌లో బాగా పై అంతస్తులో ఉంటాడు. అక్కడికి మారినప్పటి నుంచి మనుషులను పైనుంచి చూడటం అలవాటైంది. ఇవాళ వదిన వైపు మెడ ఎత్తి మాట్లాడాల్సి రావడం అతనికి అస్సలు బాగోలేదు.

"ఏంటి వదినా ఇది? వీధిలో అందరూ చూస్తున్నారు. కూర్చుని మాట్లాడుకుందాం. ప్రాక్టికల్‌గా ఆలోచిద్దాం."

"నేను కూసునే ఉన్న. నువ్వే నిలవడ్డవు."

ఇంట్లోంచి కుర్చీలు తెప్పించారు. సందులో, కూలిన మెట్ల పక్కన, ఇంటి పంచాయితీ మొదలైంది. ఇలాంటి పంచాయితీలు ఈ నెలలో చాలా జరిగాయి. ప్రతిసారీ ముగ్గురు మూడు మాటలు చెప్పి, అన్నం తిని, చేతులు కడుక్కుని లేచిపోయేవారు.

"నా ఒపీనియన్ మొదట్నుంచీ ఒకటే," అన్నాడు ప్రసన్నకుమార్. "ఇది అమ్మేద్దాం. అబ్దుల్లాపూర్‌మెట్ వైపు విల్లాలు వస్తున్నాయి. గాలి, వెలుతురు, పార్కు. ఇక్కడేముంది? హాస్టళ్లు, డ్రైనేజీ."

"నేను దిల్‌సుఖ్‌నగర్ ఇడిచిపెట్టి రాను తమ్మీ," అన్నాడు నరేష్‌కుమార్. అప్పజెప్పిన పాఠం లాగా ఉంది ఆ మాట. "ఈడనే కొత్తగ కట్టుకుందాం. రవితేజ సార్ అంతా చూసుకుంటడు."

వాసంతి పైనుంచి అంది. "ఉన్న ఇంటికి ఏమైంది? పైన ఇంకొక రూం ఏసుకుంటే అందరికి సరిపోతది. నేనే ఏపిస్త అన్న గద?"

"నువ్వు ఏపిస్తవా!" నరేష్‌కుమార్ నవ్వాడు. "దేని మీద? సూది మీదనా?"

"మరి ఈ స్లాబ్ దేని మీద నిలవడ్డదనుకున్నవ్? నీ షాపు మీదనా?"

నరేష్‌కుమార్ చొక్కా మీది దుమ్ము దులుపుకున్నాడు. దుమ్ము పోయాక కూడా దులుపుతూనే ఉన్నాడు.

రవితేజ గొంతు సవరించుకున్నాడు. "మేడం, మీరు టెన్షన్ పడకండి. కింద పార్కింగ్‌లో, వాచ్‌మన్ రూం పక్కన మీకు చిన్న స్పేస్ చూద్దాం. ఒక ట్యూబ్‌లైట్ పెట్టిస్తా."

"జరీ పని ట్యూబ్‌లైట్ కింద చేస్తే కండ్లు పోతయి సార్. కార్ల పొగల ఎవరైన పెండ్లి జాకెట్లు కుట్టనిస్తరా? మీ ఇంటోళ్లవి ఇస్తరా ఆడ?"

రవితేజ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"మీ ముగ్గురితోటి నాకు పంచాయితీ లేదు," అంది వాసంతి. "ఇల్లు మామది. పైన నాదన్న మాట కూడ మామదే. మామను చెప్పమనుండ్రి. మామ ఏమంటే గదే."

అందరూ గడప వైపు తిరిగారు.

మారయ్య పొద్దుటి నుంచి ఆ గడప మీదే కూర్చుని ఉన్నాడు. కొడుకు కేకలు విన్నాడు, కోడలి జవాబులు విన్నాడు, తల ఎత్తలేదు. ఇప్పుడు లేచి, భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"నిచ్చెన తేండ్రి," అన్నాడు. "నేను పోయి మాట్లాడ్త."

నరేష్‌కుమార్ మొహం వెలిగిపోయింది. నాయిన మాట వాసంతి తీసెయ్యదని అతనికి తెలుసు. ఈ ఇంట్లో ఆమె మాట వినే మనిషి ఆయనొక్కడే, ఆమె మన్నించే మనిషీ ఆయనొక్కడే. పొద్దుట తను అడిగితే హాస్టల్ వాళ్లు ఇవ్వని అల్యూమినియం నిచ్చెనను ఇప్పుడు నాయిన పేరు చెప్పి పరుగున తెచ్చి గోడకు ఆనించాడు.

"ఎక్కనీకి చాతనైతదా నాయినా?"

మారయ్య అతని మొహం కూడా చూడలేదు. ఒక్కో అడుగూ చూసుకుంటూ ఎక్కాడు. పైన వాసంతి చెయ్యి పట్టి లాగింది. పిట్టగోడ దాటగానే ఆయన వెనక్కి తిరిగి, నిచ్చెన కొన పట్టుకున్నాడు.

"పట్టు బిడ్డా."

"ఏంది మామా?"

"పట్టు చెప్త. గుంజు."

ఇద్దరూ కలిసి నిచ్చెనను పైకి లాగేశారు.

సందు మొత్తం గొల్లున నవ్వింది. కోటేశ్వరమ్మ తన డాబా మీద చప్పట్లు కొట్టింది. "శభాష్ మారయ్యగారూ!"

వాసంతికి కళ్లు నిండాయి. ఒక్కరున్నారు. తన మాట నిజమని చెప్పడానికి ఈ ఇంట్లో ఒక్కరైనా ఉన్నారు. ఇంక కింద ఎవరు ఎంత అరిస్తే ఏం?

కింద నరేష్‌కుమార్ కూడా నాయిన తమాషా చేస్తున్నాడనుకుని నవ్వాడు. ప్రసన్నకుమార్ నవ్వలేదు. అన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నవ్వకన్నా. నాయిన చెప్పేస్తడు," అన్నాడు. కంగారులో అతని బ్యాంకు తెలుగు ఎటో పోయింది.

వాసంతి మామను లోపలికి తీసుకుపోయి ఫ్యాన్ కింద కూర్చోబెట్టింది. నీళ్లిచ్చింది. చిన్న స్టవ్ మీద చాయ్ కాచి గ్లాసులో పోసి ఇచ్చింది. మగ్గం చట్రం మీద బిగించిన ఎర్రపట్టు మీద జరీ తీగ సగం దాకా అల్లి ఉంది. మారయ్య దాని మీద వేలితో మెల్లగా రాశాడు.

"నీ చెయ్యి మంచిది బిడ్డా."

"మీరు నేర్పిన ఓపికనే మామా. చాయ్ తాగుండ్రి, సల్లారుతది."

ఆయన గ్లాసు ముట్టలేదు.

"బిడ్డా, నేను సంతకం పెట్టిన."

వాసంతికి అర్థం కాలేదు. "దేని మీద?"

"గా రవితేజ కాగితాల మీద. రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయినం. వేలిముద్ర ఏసిన. ఫోటో సుత తీసిండ్రు."



"ఎప్పుడు?"

"మొన్న మంగళారం."

"మంగళారం మీ ముగ్గురు కర్మన్‌ఘాట్ హన్మాండ్ల గుడికి పోయిండ్రు."

మారయ్య తల దించుకున్నాడు.

"మీ పంచె, అంగి నేనే ఇస్త్రీ చేసిచ్చిన," అంది వాసంతి. "ఉతికింది ఉన్నా గూడ, దేవుని కాడికి పోతున్నరని కొత్తది తీసిన. ప్రసాదం కూడ తెచ్చిండ్రు గద?"

"తొవ్వల స్వీట్ షాపుల కొన్నడు చిన్నోడు."

ఆ లడ్డూను వాసంతి కళ్లకు అద్దుకుంది. మామ మాట నిలబడాలని, ఇల్లు నిలబడాలని మొక్కుకుని మరీ తింది. కొంచెం తుంచి కోటేశ్వరమ్మ ఆంటీకి కూడా ఇచ్చింది.

మంగళవారం తర్వాత ఎన్ని పంచాయితీలు! అమ్ముదామని ఒకడు, కడదామని ఒకడు. నిన్న రాత్రి కూడా అన్నాదమ్ములిద్దరూ ఆమె వడ్డించిన కంచాల ముందు కూర్చుని అబ్దుల్లాపూర్‌మెట్ గురించి చొక్కాలు పట్టుకున్నంత పని చేశారు. అంతా ఆమె ఒక్కదాని కోసం ఆడిన నాటకం. చూసేది ఒక్క మనిషే అయినా ఎంత శ్రద్ధగా ఆడారు! ఆ శ్రద్ధలో సగం షాపు మీద పెట్టినా నరేష్‌కుమార్ ఈపాటికి బాగుపడేవాడు.

"మీకేమిస్తమన్నరు మామా?"

"నాకేం కావాలె బిడ్డా ఈ వయసుల..."

"సంతకం ఉత్తగనే పెట్టరు మీరు. చెప్పుండ్రి."

మారయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ముందట రోడ్డు దిక్కు ఒక మడిగె. నా పేరు మీద. పొద్దంత దుకాణంల కూసోవచ్చన్నరు. మారయ్య హ్యాండ్లూమ్స్ అని బోర్డు పెడ్తమన్నరు. ఇన్నేండ్లు ఒకల షాపుల ముందటనే మూట దించిన గద బిడ్డా. నాకంటు ఒక గద్దె..."

"నా రూం సంగతి అడిగిండ్రా?"

"అడిగిన."

"ఏమన్నరు?"

"చూద్దామన్నరు."

"మీరేమన్నరు?"

మారయ్య ఏమీ అనలేదు. ఆనాడూ ఏమీ అనలేదని ఆమెకు అర్థమైంది.

బయట నరేష్‌కుమార్ "నాయినా! ఓ నాయినా!" అని పిలుస్తున్నాడు.

"మరి పైకెందుకొచ్చిండ్రు?" అంది వాసంతి. "నిచ్చెన ఎందుకు గుంజిండ్రు?"

"అందరి ముందట మామ ఏమంటే గదే అన్నవు. నాకు పానం అట్లిట్ల అయింది. ఆల్లు ఎక్కొచ్చి నా నోరు మూయించకముందు నీకొక్క మాట చెప్పాలని... చెప్తే నాకు జర నిమ్మలమైతదని."

వాసంతి ఆయన వైపు చూసింది. మొగుణ్ణి చూసి అసహ్యించుకోవడం ఆమెకు కొత్త కాదు, మరిదిని చూసి నవ్వుకోవడమూ కొత్త కాదు. ఈయన్ని అలా చూడాల్సి వస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఇద్దరూ దొంగలని తెలిసే ఆమె తలుపు వేసుకుంది. ఈయన కోసం తనే చెయ్యందించి పైకి లాగింది. తన మనసు తేలిక చేసుకోవడానికి ఆమె మేడ ఎక్కాడు. నిజం చెప్పడానికి కూడా ఆయనకు ఆమె ఇల్లే కావాల్సి వచ్చింది.

"నిమ్మలమైందా?" అని అడిగింది.



ఆమె లేచి బయటికి నడిచింది. "రాండ్రి. నిచ్చెన పట్టుండ్రి."

ఆయన కళ్లలో చిన్న ఆశ. "దిగుతవా బిడ్డా? నేను చెప్త ఆల్లకు, నీకు మంచి రూమే..."

"నేను కాదు. మీరు దిగుండ్రి."

"బిడ్డా..."

"ఇది కూలగొట్టేదాక నాది. మీరే అన్నరు, అందరి ముందట. దిగుండ్రి మామా."

నిచ్చెన మళ్లీ కిందికి జారింది. పక్క డాబా మీద కోటేశ్వరమ్మ చప్పట్లు కొట్టడానికి చేతులెత్తి, వాసంతి మొహం చూసి మెల్లగా దించేసుకుంది.

మారయ్య పిట్టగోడ దాటి ఒక కాలు నిచ్చెన మీద పెట్టాడు. రెండో కాలు ఇంకా గోడ మీదే ఉంది. కింద కొడుకులిద్దరూ ఆయన వైపే చూస్తున్నారు.

"ఏమన్నది నాయినా? ఒప్పుకున్నదా?"

మారయ్య కదలలేదు. కిందికి దిగి వాళ్లతో ఏం చెప్పాలో ఆయనకు తెలియలేదు. పైన నిలబడే మొహం ఎలాగూ లేదు.

"చెప్పేసినవా?" ప్రసన్నకుమార్ గొంతు సన్నగా వినిపించింది.

ఆ మౌనంలోనే ప్రసన్నకుమార్‌కు జవాబు దొరికింది. అన్నను వీపు మీద చేయి వేసి ముందుకు తోశాడు. "ఇంకేం చూస్తున్నవన్నా? నిచ్చెన ఉన్నది గద. ఎక్కు!"

మీద తండ్రి వేలాడుతున్నాడని కూడా చూడకుండా నరేష్‌కుమార్ నిచ్చెన మీద కాలు పెట్టాడు. ఒక అడుగు ఎక్కాడు. ఇంకో అడుగు. నిచ్చెన ఊగింది.

"ఆగురా కొడకా, పడ్త!" అని అరిచాడు మారయ్య.

నరేష్‌కుమార్ ఆగలేదు. నిచ్చెన పై కొన వాసంతి రెండు చేతుల్లో ఉంది.